వేల్స్ స్వపరిపాలన చరిత్రను చదవడం ఎలా? సీమ విద్యార్థులకు ఒక దారి

అనంతపురం, కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల్లో రాజనీతి శాస్త్రం చదువుతున్నవారికీ, గ్రూప్-1, సివిల్స్ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికీ తులనాత్మక రాజకీయాల్లో బ్రిటన్ తప్పకుండా ఎదురవుతుంది. అయితే అక్కడి పార్లమెంటు, మంత్రివర్గం గురించి చదివినంత శ్రద్ధగా వేల్స్ గురించి చదివేవారు అరుదు. చదివినా స్కాట్లాండ్‌కు తోకగానే చదువుతారు. సీమవాసులకు స్కాట్లాండ్ కన్నా వేల్స్ చరిత్రే ఎక్కువ నేర్పుతుందని నేను గట్టిగా నమ్ముతాను. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిన తర్వాత కూడా స్కాట్లాండ్‌కు సొంత న్యాయవ్యవస్థ, సొంత చర్చి మిగిలాయి. వేల్స్‌కు అటువంటి ఆసరా ఏదీ లేదు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 31 లక్షల మంది. 2011 లెక్కల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభాయే 40 లక్షలు దాటింది. అంత చిన్న ప్రాంతం, పదహారో శతాబ్దంలోనే చట్టపరంగా ఇంగ్లండ్‌లో కలిసిపోయి కూడా, ఒక్కొక్క శాఖను, ఒక్కొక్క చట్టాన్ని కూడబెట్టుకుంటూ సొంత శాసనసభ దాకా ఎలా వచ్చిందో తెలుసుకోవడం మనకు అవసరం.

ఈ చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకుంటూ చదవండి. ఆనాటికి వేల్స్‌కు వర్తించే చట్టం చేసే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోగల శక్తి ఎవరి దగ్గర ఉంది? ఈ రెంటికీ జవాబులు రాసుకుంటూ పోతే తేదీలు వాటంతట అవే గుర్తుంటాయి.

రెండు ఓటింగులతో మొదలుపెట్టండి

పుస్తకాలు సాధారణంగా 1282లో వేల్స్ రాకుమారుడు లెవెలిన్ మరణంతోనో, 1284 నాటి రుడ్లన్ శాసనంతోనో కథ ఎత్తుకుంటాయి. అక్కడ మొదలుపెట్టినవారు గ్లెండోవర్ తిరుగుబాటు దగ్గరే అలసిపోతారు. మీరు మాత్రం 1979 మార్చి 1, 1997 సెప్టెంబరు 18 అనే రెండు తేదీలను నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. రెండు రోజులూ వేల్స్ ప్రజల ముందుంచిన ప్రశ్న దాదాపు ఒక్కటే: మీకు సొంత సభ కావాలా?

1979లో కావాలన్నవారు 2,43,048 మంది, వద్దన్నవారు 9,56,330 మంది. అప్పటి ఎనిమిది కౌంటీల్లో ఒక్కటీ అనుకూలంగా ఓటు వేయలేదు. 1997లో అనుకూలం 5,59,419, ప్రతికూలం 5,52,698. తేడా 6,721 ఓట్లు మాత్రమే. ఓటర్లలో సుమారు సగం మందే పోలింగుకు వచ్చారు. 22 స్థానిక మండలుల్లో 11 అటు, 11 ఇటు నిలిచాయి. ఆ రాత్రి చివరిగా వెలువడిన కార్మార్థెన్‌షైర్ ఫలితంతోనే అనుకూల పక్షం గట్టెక్కింది. ఈ 22 మండలులను పటం మీద రెండు రంగుల్లో గుర్తించి చూడండి. ఇంగ్లండ్ సరిహద్దు వెంబడి ఉన్న తూర్పు ప్రాంతాలు వద్దన్నాయి. వెల్ష్ భాష బలంగా ఉన్న పడమటి ప్రాంతాలు, దక్షిణాన బొగ్గు గనుల లోయలు కావాలన్నాయి. సభ కొలువుదీరబోయే కార్డిఫ్ నగరం కూడా వద్దనే అంది. ఈ పటాన్ని మనసులో నిలుపుకోకుండా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే తర్వాతి పదేళ్ల పాటు ఆ సభ ఎందుకంత జాగ్రత్తగా అడుగులు వేసిందో అర్థం కావడానికి ఇదే ఆధారం.

తర్వాత ఈ రెండు తేదీల నడుమ పద్దెనిమిదేళ్లలో ఏం మారిందో వెతకండి. 1979లో అధికారంలో ఉన్న లేబర్ పార్టీయే రెండుగా చీలిపోయింది; నీల్ కినాక్ వంటి వేల్స్ ఎంపీలే తమ ప్రభుత్వ ప్రతిపాదనకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. వెల్ష్ మాట్లాడేవారి పెత్తనం వస్తుందని ఇంగ్లిషు మాట్లాడేవారు, దక్షిణాది పెత్తనం వస్తుందని ఉత్తరాదివారు భయపడ్డారు. ఆ తర్వాత వరుసగా కన్సర్వేటివ్ ప్రభుత్వాలు వచ్చాయి. వేల్స్ ప్రతి ఎన్నికలోనూ లేబర్ వైపే మొగ్గు చూపినా, పాలించింది మాత్రం లండన్ నియమించిన మంత్రులు. 1987 నుంచి 1997 వరకు వేల్స్ వ్యవహారాల మంత్రులుగా పనిచేసిన పీటర్ వాకర్, డేవిడ్ హంట్, జాన్ రెడ్‌వుడ్, విలియం హేగ్ నలుగురూ ఇంగ్లండ్ నియోజకవర్గాల నుంచి గెలిచినవారే. 1984-85 గని కార్మికుల సమ్మె ఓడిపోయాక గనులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. 1979లో వద్దన్న లోయలు 1997లో కావాలనడానికి కారణం ఇక్కడుందని నా అంచనా.

ఇక వెనక్కి వెళ్లండి

1536, 1543 సంవత్సరాల్లో ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన చట్టాలు వేల్స్‌ను ఇంగ్లండ్‌లో విలీనం చేసి, న్యాయస్థానాల్లో, ప్రభుత్వ పదవుల్లో ఇంగ్లిషును తప్పనిసరి చేశాయి. 1588లో విలియం మోర్గన్ చేసిన బైబిల్ అనువాదం వెల్ష్ భాషను ప్రార్థనా మందిరాల్లో బతికించింది. తర్వాతి మూడు శతాబ్దాలను ఒక్క పేరాలో దాటేయవచ్చు.

ఆగవలసిన చోటు 1881. ఆదివారాల్లో సారాయి దుకాణాలు మూసేయాలన్న చట్టం ఆ ఏడు వేల్స్‌కు మాత్రమే వర్తించేలా వచ్చింది. విషయం చిన్నదే అయినా, ఆధునిక కాలంలో పార్లమెంటు వేల్స్‌ను ఇంగ్లండ్ నుంచి వేరుచేసి చట్టం చేయడం అదే మొదలు. 1889లో మాధ్యమిక విద్యకు ప్రత్యేక చట్టం, 1893లో వేల్స్ విశ్వవిద్యాలయం, 1920లో ఆంగ్లికన్ చర్చికి ప్రభుత్వ హోదా తొలగింపు వరుసగా వచ్చాయి. ఇదే కాలంలో స్వపరిపాలన కోరిన కమ్రి విద్ (రేపటి వేల్స్) ఉద్యమం 1896లో న్యూపోర్ట్ సమావేశంలో కుప్పకూలింది. కూల్చింది లండన్ కాదు. తమ సంఘాన్ని ఈ ఉద్యమంలో కలపాలన్న ఉద్యమ నాయకుడు లాయిడ్ జార్జ్ ప్రతిపాదనకు దక్షిణ వేల్స్ పారిశ్రామిక పట్టణాల లిబరల్ నాయకులు ఒప్పుకోలేదు. సీమ విద్యార్థి ఇక్కడ 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికను పక్కన పెట్టుకుని చదవాలి. ఉమ్మడిగా రాష్ట్రం అడిగే ముందు నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు విషయాల్లో తమకు హామీ కావాలని మన నాయకులు ఎందుకు పట్టుబట్టారో తెలిసినవారికి, న్యూపోర్ట్ సమావేశంలో జరిగింది వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

పరిపాలనా యంత్రాంగం శాసనాధికారం కన్నా చాలా ముందు వచ్చిందని గమనించండి. 1951లో హోంశాఖ కింద వేల్స్ వ్యవహారాల మంత్రి, 1955లో కార్డిఫ్‌కు రాజధాని హోదా, 1964లో జేమ్స్ గ్రిఫిత్స్‌తో మొదలై క్యాబినెట్ హోదా గల మంత్రి పదవి, 1965లో వెల్ష్ ఆఫీసు ఏర్పడ్డాయి. కార్యాలయాలు వచ్చాయి గానీ వాటిని ప్రశ్నించే సభ లేదు. 1997లో ప్రజలు తీర్పు చెప్పవలసి వచ్చింది ఈ లోటు మీదనే.

ట్రివెరిన్‌ను తొందరపడి చదవకండి

ఈ చరిత్రలో ఒక్క ఘట్టానికే ఎక్కువ సమయం ఇవ్వగలిగితే ట్రివెరిన్‌కు ఇవ్వండి. లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావాలి. ఉత్తర వేల్స్‌లోని ట్రివెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ మాట్లాడే పల్లె ఉంది. బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనా మందిరం, శ్మశానం, చుట్టూ పొలాలు. అక్కడి స్థానిక సంస్థల అనుమతి తీసుకోవలసి వస్తుందని తెలిసి, లివర్‌పూల్ కార్పొరేషన్ నేరుగా పార్లమెంటులో ఒక ప్రైవేటు బిల్లు (ఒక సంస్థ తన అవసరం కోసం కోరే బిల్లు) పెట్టించింది. వేల్స్ ఎంపీల్లో అత్యధికులు వ్యతిరేకించినా 1957లో అది చట్టమైంది. 1965లో జలాశయాన్ని ప్రారంభించారు. 2005లో లివర్‌పూల్ నగర పాలక మండలి క్షమాపణ చెప్పింది.

శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కర్నూలు జిల్లా కుటుంబాల కథ, గండికోట ముంపు కింద లేచిపోయిన కడప పల్లెల కథ తెలిసిన పాఠకుడికి ఈ బాధ కొత్తది కాదు. అయినా ముంపు బాధ దగ్గరే ఆగిపోకుండా ఆ బిల్లు నడిచిన దారిని ఒక కాగితం మీద గీసి చూడండి. ఎవరు ప్రవేశపెట్టారు, ఎవరి అనుమతి తప్పించుకున్నారు, ఎవరి ఓటు లెక్కకు రాలేదు? తమ ప్రతినిధుల్లో అత్యధికులు ఒక్కమాట మీద ఉన్నా తమ లోయను కాపాడుకోలేమని వేల్స్ ప్రజలకు అర్థమైంది ఆ రోజునే. జలాశయం ప్రారంభమైన మరుసటి సంవత్సరమే, అంటే 1966 జూలైలో, కార్మార్థెన్ ఉప ఎన్నికలో గ్విన్‌ఫర్ ఎవాన్స్ గెలిచి, 1925లో పుట్టిన వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రికి తొలి పార్లమెంటు స్థానం తెచ్చారు. ఉప ఎన్నికకు వేరే కారణాలూ ఉన్నాయి, వాటిని కాదనకుండానే ఈ రెంటినీ కలిపి చదవాలి.

చట్టాలను పక్కపక్కన పెట్టి చదవండి

1998 చట్టంతో 60 మంది సభ్యుల సభ ఏర్పడి, 1999 మే 6న తొలి ఎన్నికలు జరిగాయి. అయితే ఆ సభకు పూర్తి స్థాయి చట్టాలు చేసే అధికారం లేదు. పార్లమెంటు చేసిన చట్టాల కింద నియమ నిబంధనలు రూపొందించడం వరకే. 2006 చట్టం ప్రభుత్వాన్ని, సభను వేరుచేసి, అంశం వారీగా లండన్ అనుమతి తీసుకుని చట్టాలు చేసే పద్ధతి తెచ్చింది. 2011 మార్చి 3 ప్రజాభిప్రాయ సేకరణలో 63.5 శాతం మంది ఒప్పుకోవడంతో, ఆ చట్టం జాబితాలోని ఇరవై రంగాల్లో ఆ అనుమతి అవసరం లేకుండా పోయింది.

ఇక్కడ ఒక కేసును దగ్గరగా చూడండి. వ్యవసాయ కార్మికుల కనీస వేతనం నిర్ణయించే బోర్డును లండన్ ప్రభుత్వం 2013లో రద్దు చేసింది. ఆ రక్షణను వేల్స్‌లో నిలబెట్టడానికి అక్కడి సభ ఒక బిల్లు ఆమోదించింది. ఇది ఉపాధికి సంబంధించినది కాబట్టి మీ పరిధిలోకి రాదని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. వ్యవసాయం జాబితాలో ఉంది. ఉపాధి మాత్రం సభకు అప్పగించిన అంశాల జాబితాలోనూ లేదు, మినహాయింపుల్లోనూ లేదు. బిల్లు వ్యవసాయానికి సంబంధించినదైతే చాలు, అది ఉపాధికీ సంబంధించినదైనా అభ్యంతరం లేదని 2014 జూలైలో కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ఆస్‌బెస్టాస్ జబ్బుల చికిత్స ఖర్చును యజమానుల నుంచి రాబట్టే బిల్లును మాత్రం అదే కోర్టు 3-2 తేడాతో పరిధి దాటినదని తేల్చింది. ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే, జాబితా మౌనంగా ఉన్న చోట ఎంత అనిశ్చితి ఉంటుందో తెలుస్తుంది.

2017 చట్టం ఈ పద్ధతిని తలకిందులు చేసింది. 2018 ఏప్రిల్ 1 నుంచి లండన్‌కు మిగిలే అంశాలనే రాస్తారు, రాయనివన్నీ వేల్స్ సభకు చెందుతాయి. ఉపాధి సంబంధాలు లండన్ అంశాల్లోకి చేరినా, ఆ వ్యవసాయ వేతనాల చట్టం విషయాన్ని మినహాయించారు.

మన ఏడో షెడ్యూల్‌ను ఇప్పుడు తెరవండి. మన దగ్గర రాష్ట్ర జాబితాలో, ఉమ్మడి జాబితాలో రాసినవాటి మీదే రాష్ట్రం చట్టం చేయగలదు. ఏ జాబితాలోనూ లేని అవశిష్టాధికారాలు 248వ అధికరణ ప్రకారం కేంద్రానివి. అంటే ఈ ఒక్క విషయంలో వేల్స్ సభ మన శాసనసభ కన్నా విశాలమైన చోట నిలబడింది. మరో వైపు పోలీసు శాఖ మన దగ్గర రాష్ట్ర జాబితాలో ఉంటే, వేల్స్‌లో పోలీసు, న్యాయవ్యవస్థ రెండూ లండన్ చేతిలోనే ఉన్నాయి. పరీక్షలో వేల్స్‌ను రాష్ట్రమనో, బ్రిటన్‌ను సమాఖ్య అనో రాయకండి. మన రాష్ట్రాల అధికారాలకు రాజ్యాంగం రక్షణ ఇస్తుంది. వేల్స్ అధికారాలు పార్లమెంటు చేసిన మామూలు చట్టం మీద ఆధారపడి ఉన్నాయి. ప్రజల ఓటు లేకుండా ఆ సభను రద్దు చేయరాదని 2017 చట్టం ప్రకటించినా, పార్లమెంటు సార్వభౌమత్వం చెక్కుచెదరలేదు.

డబ్బు సంగతి విడిగా రాసుకోండి. చాలా కాలం వేల్స్ బడ్జెట్ దాదాపు మొత్తం లండన్ నుంచి బార్నెట్ సూత్రం (ఇంగ్లండ్ ఖర్చులో వచ్చే మార్పును బట్టి జనాభా నిష్పత్తిలో వాటా లెక్కగట్టే పద్ధతి) ప్రకారం వచ్చేదే. 2018 ఏప్రిల్‌లో భూ లావాదేవీల పన్ను, చెత్త పూడ్చివేత పన్ను సొంతమయ్యాయి. 2019 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కొంత భాగం రేటును వేల్స్ నిర్ణయిస్తోంది.

చివరి అభ్యాసంగా ఒక పని చేయండి. 2020 మేలో సభ పేరు సెనెడ్‌గా మారింది; 2024లో ఆ సభ చేసిన చట్టం, 2026 ఎన్నికల నుంచి సభ్యుల సంఖ్యను 60 నుంచి 96కు పెంచింది, 16 నియోజకవర్గాల నుంచి ఆరుగురేసి. చట్టాల పాఠాలు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో 2006 చట్టం 107వ సెక్షన్ తీసి, ఐదో ఉపసెక్షన్‌ను, 2017లో చేర్చిన ఆరో ఉపసెక్షన్‌ను చదవండి. వేల్స్ కోసం చట్టం చేసే పార్లమెంటు అధికారానికి భంగం లేదని మొదటిది చెబుతుంది. సెనెడ్‌కు అప్పగించిన అంశాల్లో దాని సమ్మతి లేకుండా సాధారణంగా అలా చేయరని రెండోది చెబుతుంది. ఆ తర్వాత 2020 జనవరిలో బ్రెగ్జిట్ ఒప్పంద చట్టానికి, ఇంకా పేరు మారని ఆ సభ సమ్మతి నిరాకరించినా పార్లమెంటు ఏం చేసిందో చూసి, మొదట వేసుకున్న రెండో ప్రశ్నకు మీ జవాబు మీరే రాసుకోండి.