డాక్టరు పనితనాన్ని మందుల చీటీలో చూడండి

చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో ఆ పేరు వెతకండి, దొరక్కపోతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో వాకబు చేయండి. ఎంబీబీఎస్ తర్వాత వచ్చే స్పెషలిస్టు డిగ్రీలు ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ. ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీలు డీఎం, ఎంసీహెచ్. బోర్డు మీద వరసగా రాసుకునే ఫెలోషిప్‌లు వీటికి సాటిరావు.

డిగ్రీ చదువును చెబుతుందంతే. పనితనం ప్రశ్నల్లో తెలుస్తుంది. ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు, షుగరుందా, కిడ్నీ జబ్బుందా, గర్భమా? ఇవి అడక్కుండా కలం తీస్తే మీరే ఆపి చెప్పండి. ఇంట్లో వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లో ఎక్కువ పొరపాట్లు వానాకాలం జ్వరాల దగ్గరే జరుగుతాయి. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష ఒక్కసారి పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అని తేల్చలేం. పాత ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు. నమ్మదగింది రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్, దానికి రక్తం యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. డెంగీ అనుమానం ఉండగా డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రాస్తే తప్పే, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రక్తస్రావం లేకుండా ప్లేట్‌లెట్లు 50 వేలు ఉండగానే ఎక్కిస్తామంటే కారణం అడగండి. సాధారణంగా 10 వేల కిందికి పడితేనే ఆ ఆలోచన. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత వస్తే పరుగున రమ్మని ముందే చెప్పినవాడు మంచి డాక్టరు. సూది వేసినవాడే మంచి డాక్టరనే నమ్మకం మనం వదులుకోవాలి.

కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాదు, స్ట్రిప్పు వెనకున్న జనరిక్ పేరు, అంటే అసలు మందు పేరు చదవండి. డోలో 650 రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాముల పారాసెటమాల్. అదే మందు 500 మిల్లీగ్రాములు ఉన్న జలుబు మాత్రలు మూడు కలిస్తే 4,100. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠ పరిమితి 4,000. ఇలాంటిది కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయండి. బీపీ, ఫిట్స్ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

అత్యవసరం కాని ఆపరేషన్ అయితే నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో, గాంధీలోనో మరో అభిప్రాయం తీసుకోండి. చేయకపోతే ఏమవుతుందో ఇద్దరినీ అడగండి. జబ్బు తగ్గనంత మాత్రాన డాక్టరు తప్పు చేశాడని కాదు. నిజంగా అనుమానముంటే కేస్ షీట్ నకలు రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. ఫిర్యాదు మెడికల్ కౌన్సిల్‌కు. పరిహారం కోసమైతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు.