వెక్టర్ ఫీల్డ్‌ని క్లస్టర్ చేశాక సుడి మాయమైందా? సమస్యలు - పరిష్కారాలు

వెక్టర్ ఫీల్డ్ అంటే ప్రతి బిందువు దగ్గరా గాలి లాంటి ప్రవాహం వేగాన్నీ దిశనీ చూపే బాణాల పటం. బాణాలు మరీ ఎక్కువైతే, దగ్గరగా ఉండి ఒకేలా ఉన్నవాటిని రెండేసి గుంపులుగా కలుపుకుంటూ పోయి (హైరార్కికల్ క్లస్టరింగ్), ఒక్కో గుంపుకి ఒక సగటు బాణం గీస్తాం. ఏది దేనితో కలిసిందో చూపే క్రమం ఒక చెట్టులా వస్తుంది.

గుంపులు గళ్లగళ్లుగా వచ్చాయి, ప్రవాహం దిశతో వాటికి పొంతన లేదు

లింకేజ్ పద్ధతి (రెండు గుంపుల మధ్య దూరాన్ని కొలిచే తీరు) మార్చే ముందు యూనిట్లు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది ఇదే. స్థానం మీటర్లలో, వేగం సెకనుకి మీటర్లలో ఉన్న డేటాని అలాగే ఇచ్చేస్తే దూరమంతా స్థానానిదే అవుతుంది. 1000 మీటర్ల ఎడంలో రెండు బిందువులు తీసుకోండి. ఒకచోట గాలి 5 వేగంతో తూర్పుకి, రెండోచోట 5తో పడమరకి వీస్తోంది. వాటి మధ్య దూరం 1000.05. రెండూ ఒకే వైపు వీస్తే 1000. అంటే అల్గారిథమ్‌కి దిశ కనిపించడమే లేదు.

స్థానాన్ని ప్రాంతం వెడల్పుతోనూ, వేగాన్ని గరిష్ఠ వేగంతోనూ భాగించి, రెండింటి మధ్య ఒక వెయిట్ (దేనికి ఎంత ప్రాధాన్యమో చెప్పే సంఖ్య) పెట్టండి. వేగంలో అడ్డం, నిలువు భాగాలను మాత్రం ఒకే సంఖ్యతో భాగించాలి. కాలమ్‌కొక స్కేలింగ్ చేసే రెడీమేడ్ ఫంక్షన్ వాడితే బాణాల కోణాలే మారిపోతాయి.

సుడి ఉండాల్సిన చోట చుక్కంత బాణం

అసలు ఇబ్బంది పెట్టేది ఇది. ఎర్రర్ రాదు, బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది, చూసినవాళ్లు అక్కడ గాలి లేదనుకుంటారు. నిజానికి డేటాలో అక్కడే గాలి జోరుగా ఉండొచ్చు.

కారణం సగటు. సుడి చుట్టూ వేగాలు (3, 0), (0, 3), (-3, 0), (0, -3) అనుకోండి. అన్నీ ఒకే గుంపులో పడితే సగటు వెక్టర్ సున్నా, సగటు వేగం మాత్రం 3. క్లస్టర్ల సంఖ్య పెంచేస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. పెంచితే ప్రశాంతంగా ఉన్న చోట్ల కూడా బాణాలు కిక్కిరిసి, సరళం చేసిన ప్రయోజనమే పోతుంది.

ప్రతి గుంపుకీ ఒక నిష్పత్తి లెక్కగట్టండి: సగటు వెక్టర్ పొడవుని సగటు వేగంతో భాగించడం. బాణాలన్నీ ఒకే దిశలో ఉంటే 1 వస్తుంది. వేగాలు సమానంగా ఉండి దిశలు 90 డిగ్రీల మేర పరుచుకుంటే 0.90, 180 డిగ్రీలైతే 0.64, పూర్తి సుడి అయితే 0. ఇప్పుడు చెట్టుని ఒకే ఎత్తులో కోయకండి. వేరు (అన్నీ కలిసిన పెద్ద గుంపు) నుంచి కిందికి దిగుతూ, నిష్పత్తి 0.9 దాటిన చోట ఆగండి, లేకపోతే ఆ గుంపు రెండు పిల్లల్లోకి, అంటే అందులో కలిసిన రెండు చిన్న గుంపుల్లోకి వెళ్లండి. సుడి దగ్గర గుంపులు చిన్నవవుతాయి, మిగతా చోట పెద్దవిగానే ఉంటాయి. గుంపుకి కనీస సైజు కూడా పెట్టాలి, లేకపోతే సుడి కేంద్రంలో ఒక్కో బిందువు దాకా చీలుతూనే ఉంటుంది. వేగం దాదాపు సున్నా ఉన్న ప్రాంతంలో ఈ నిష్పత్తిని నమ్మొద్దు, అక్కడ దిశంతా నాయిసే.

ఉత్తరానికి వీచే గాలి దక్షిణానికి చూపిస్తోంది

కోణాలను సగటు చేశారు. 359, 1 డిగ్రీల సగటు 180 అవుతుంది. అడ్డం, నిలువు భాగాలుగా మార్చి సగటు చేయండి.

మెమరీ నిండిపోతోంది

20,000 బిందువులకు జతలు దాదాపు 20 కోట్లు, ఒక్కో జత మధ్య దూరానికి 8 బైట్ల చొప్పున 1.6 జీబీ. పక్కపక్క గ్రిడ్ బిందువులు మాత్రమే కలిసేలా కనెక్టివిటీ ఇవ్వండి. గుంపులు ముక్కలుగా చెదరకుండా కూడా ఉంటాయి.

అరుదైనవి

బొమ్మ తలకిందులైతే వై అక్షం చూసుకోండి. ఒక మూల రాక్షసి బాణం వస్తే, లేని విలువల చోట -9999 లాంటి సంఖ్య ఉండిపోయి ఉంటుంది, తీసేయండి.