జెండా ఎగురవేయడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఏది కుడి?

జారుముడి చేతికి అలవాటైందా? తాడు లాగగానే పూలరేకులు రాలి, జెండా ఒక్కసారిగా విచ్చుకుంటోందా? ఇంకా లేదంటే ఈ పాఠం పక్కన పెట్టి, ఆ ముడినే మరో పదిసార్లు కట్టి విప్పండి. తొందరేమీ లేదు.

స్తంభం ఒక్కటే అయితే సందేహం ఉండదు. పక్కన రెండో జెండా చేరగానే మొదలవుతుంది. మీ కళాశాలకు ఫ్రాన్స్, జపాన్, నేపాల్ నుంచి అతిథులు వస్తున్నారనుకోండి. నాలుగు స్తంభాలు పాతారు. మన జెండా ఏ చివర?

2002 నాటి భారత జెండా నియమావళి ప్రకారం కుడి చివర. తప్పంతా ఇక్కడే జరుగుతుంది. మైదానంలో కుర్చీలు సర్దుతున్న వ్యక్తి స్తంభాల వైపు చూసి, తన కుడిచేతి వైపు చూపిస్తాడు. అది ఎడమ! కుడి అంటే జెండాకు కుడి, చూసేవాళ్లకు కాదు. అందుకే నా విద్యార్థులతో ఈ పని తప్పకుండా చేయిస్తాను: వరుస మధ్యలో స్తంభానికి వీపు ఆనించి, సభ వైపు ముఖం పెట్టి నిలబడండి. కుడిచేయి చాచండి. ఆ చేయి చూపే చివరి స్తంభం మనది. దాని మొదట్లో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కుర్చీల్లో కూర్చున్నవారికి అది ఎడమ చివర కనిపిస్తుంది. కనిపించాలి కూడా.

మిగతా దేశాలకు ఇంగ్లిషు పేర్ల అక్షరక్రమమే పాటించాలి. తెలుగు వరుసలో జపాన్, నేపాల్, ఫ్రాన్స్ వస్తాయి. ఇంగ్లిషులో ఫ్రాన్స్, జపాన్, నేపాల్. సభికుల ఎడమ నుంచి చదివితే భారత్, ఫ్రాన్స్, జపాన్, నేపాల్ అన్నమాట. స్తంభాలన్నీ ఒకే ఎత్తు ఉండాలి. శాంతికాలంలో ఒక దేశపు జెండాను మరో దేశపు జెండాకు పైన ఎగరనివ్వకపోవడం అంతర్జాతీయ మర్యాద. అతిథి దేశాన్ని తక్కువ చేస్తే మన జెండాకు గౌరవం పెరగదు. ఎగురవేసేటప్పుడు మనది మొదట, దించేటప్పుడు మనది చివర.

ఐక్యరాజ్య సమితి జెండా మన జెండాకు ఏ పక్కనైనా ఉండవచ్చు.

మీ సంస్థ సొంత జెండా సంగతి వేరు. అది జాతీయ జెండా కంటే ఎత్తులో ఉండకూడదు, దాని పక్కనే సమానంగానూ నిలవకూడదు. ఒకే స్తంభానికి రెండింటినీ కట్టడమైతే అసలే కుదరదు. దూరంగా, ఇంకాస్త పొట్టి స్తంభం వేయించండి. ఖర్చని వెనకాడే యాజమాన్యాలు ఉంటాయి. ఒక్క ఇనుప గొట్టం ధరకు ఈ మర్యాదను వదులుకోకండని గట్టిగానే చెప్పండి.

వేదిక మీద జెండా కర్ర నిలబెడితే, సభ వైపు తిరిగి మాట్లాడే వక్తకు కుడివైపు. గోడమీద రెండు జెండా కర్రలను అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి అమర్చితే మనది జెండాకు కుడివైపు, అంటే చూసేవాళ్లకు ఎడమవైపు ఉండాలి, మన కర్ర రెండోదానికి ముందు రావాలి.

అభ్యాసం: నాలుగు అగ్గిపుల్లలు, నాలుగు కాగితపు ముక్కలు తీసుకోండి. ఇటలీ, చైనా, బ్రెజిల్ అతిథులుగా వస్తున్నారు. బల్ల మీద వరుస పేర్చి, బల్లకు అవతలివైపు వెళ్లి సభికుడిగా చూడండి. వచ్చే పాఠంలో జెండాను అవనతం చేయడం, అంటే సంతాప సూచకంగా సగం ఎత్తుకు దించి ఉంచడం. దానికి పొడవాటి తాడు సిద్ధం చేసుకోండి.