పాత స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్: కొత్త సెట్టు కొనేముందు చూడాల్సినవి

కారు కింద బుస్సుమని వినబడగానే జేసీ రోడ్డుకెళ్ళి, డౌన్ పైపు (ఇంజిన్ నుంచి కిందికి దిగే మొదటి గొట్టం) నుంచి టిప్పు (చివరి మూతి) దాకా మొత్తం సెట్టు ఆర్డరిచ్చేవాళ్ళు బెంగళూరులో తక్కువేం కాదు. పదిహేనేళ్ళ ఆడి టీటీ అయినా, బీఎండబ్ల్యూ జెడ్4 అయినా, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే అయినా ఎగ్జాస్ట్ అంతా ఒక్కసారిగా పాడవడం అరుదు. పోయేది ఒకచోట. ఎందుకు పోయిందో తేల్చుకోకుండా ఎంత ఖరీదైన పైపు వేసినా అదీ అక్కడే పోతుంది.

అందుకే ముందు గుడ్డ పరీక్ష. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండానే "ఫుల్ సిస్టమ్ ఎంతవుతుంది?" అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఆరుబయట స్టార్ట్ చేయండి. మందపాటి గ్లవ్స్ వేసుకున్న ఇంకొకరు మడతపెట్టిన తడిగుడ్డతో టెయిల్ పైపు మూతిని నాలుగైదు సెకన్లు అదిమి పట్టాలి. రెండు మూతులుంటే రెండూ మూయాలి. లీకు లేకపోతే గుడ్డను గట్టిగా వెనక్కి తోస్తుంది, ఇంజిన్ మూలుగుతుంది. లీకుంటే బుస్ శబ్దం ముందెక్కడో వినబడుతుంది. అనుమానమున్న జాయింటు మీద సబ్బునీళ్ళు కొడితే బుడగలొస్తాయి. చాలాచోట్ల ఆ అవసరం కూడా ఉండదు, ఫ్లాంజి (రెండు పైపులు బోల్టులతో కలిసే అంచు) చుట్టూ నల్లటి మసి చారే పట్టిస్తుంది.

పొద్దున్నే టిక్‌టిక్, పది నిమిషాలకు మాయం

మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను పోగుచేసే గొట్టాల గుత్తి) ప్యాకింగ్ పోయింది, లేదా దాన్ని ఇంజిన్‌కు బిగించే స్టడ్ విరిగింది. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగిపోతుంది. దీనికి కొత్త ఎగ్జాస్ట్ అక్కర్లేదు. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, ప్యాకింగూ స్టడ్లూ నట్లూ కొత్తవి వేయించండి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. పెట్రోలు తక్కువైందని సెన్సర్ అనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. అప్పుడు చాలామంది సెన్సర్ మారుస్తారు. పాపం, దాని తప్పేం లేదు.

వెనక సైలెన్సర్ కింది అంచున చిల్లులు

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా బయటికొస్తాయి. సైలెన్సర్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీళ్ళు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కంటే అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం. నెలకు రెండుసార్లు ఎన్‌హెచ్ 44 మీద చిక్కబళ్ళాపురం దాకా వెళ్ళొస్తే చాలు. సైలెన్సర్ అడుగున చిన్న రంధ్రం ఉందంటే అది నీళ్ళు కారడానికి. లీకనుకుని వెల్డింగ్ పెట్టి మూసేయకండి.

మార్చాల్సి వస్తే వెనక సైలెన్సర్ ఒక్కటే మార్చండి. బెంగళూరుకు 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సరిపోతుంది. పైన గోధుమరంగు తిరిగినా ఏళ్ళ తరబడి ఆగుతుంది. 304 రకం ధర ఎక్కువ. చెన్నైలో ఈసీఆర్ (సముద్రం వెంట వెళ్ళే రోడ్డు) పక్కన, ఉప్పుగాలిలో కారు నిలిపేవాళ్ళకు ఆ డబ్బు దండగ కాదు. 304 అని చెప్పి 409 అంటగట్టడం మామూలే, అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి: 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు. 304ను పాత పైపుకు కలపాలంటే 309ఎల్ ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ)తో టిగ్ వెల్డింగ్ చేయించాలి, పైపు లోపల కూడా ఆర్గాన్ పట్టించాలి. అలా చేయకపోతే అతుకు లోపలి వైపు గరుకుగా కాలిపోయి, అక్కడే పగులుతుంది.

ఫ్లెక్స్ పైపు మళ్ళీ మళ్ళీ చిరగడం, కొత్త పైపు బాడీకి కొట్టుకోవడం

అసలు దొంగ ఇక్కడున్నాడు: ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు ఆనిక, ఇంజిన్ మౌంటింగ్.

టీటీ లాంటి కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దానితోపాటు డౌన్ పైపూ ఊగుతుంది. ఆ ఊపును మింగడానికే మధ్యలో ఫ్లెక్స్ అనే వంగే గొట్టం ఉంది. మౌంటింగ్ రబ్బరు చచ్చాక ఊపు పెరిగి ఫ్లెక్స్ దాని హద్దు దాటి వంగుతుంది. ముందు బయటి జాలీ పోగులు లేస్తాయి, తర్వాత లోపలి బెల్లోస్ (ముడతల గొట్టం) చిట్లుతుంది. "ఫ్లెక్స్ నాసిరకం" అని ఇంకోటి వేస్తారు. అదీ పోతుంది. ఈసారి విసుగొచ్చి ఫ్లెక్స్ తీసేసి గట్టి పైపే అతికిస్తారు. ఇక ఆ దెబ్బంతా మానిఫోల్డ్ మీద పడి స్టడ్లు విరుగుతాయి.

మౌంటింగ్ ఇన్నిసార్లు తప్పించుకోవడానికి కారణముంది. గేర్‌బాక్స్ కింద ఎముక ఆకారంలో ఉండే టార్క్ మౌంటింగ్ పోయినా ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణుకు పెద్దగా తెలియదు. మెకానిక్ స్టీరింగ్ మీద చెయ్యేసి "మౌంటింగ్ బానే ఉంది సార్" అంటాడు. ఐడిల్‌లో దాని మీద బరువే పడదు మరి.

చూడాల్సిన పద్ధతి వేరు. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఫుట్‌బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, ఆటోమేటిక్ అయితే డీలో ఒకసారి, ఆర్‌లో ఒకసారి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వండి. మాన్యువల్ అయితే ఫస్ట్‌లోనూ రివర్స్‌లోనూ క్లచ్ పట్టీపట్టనట్టు వదలండి. చూసే మనిషి కారుకు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. ఇంజిన్ అంగుళానికి మించి ఊగినా, 'దబ్' అని తిరిగొచ్చినా మౌంటింగ్ పోయినట్టే. తర్వాత లిఫ్ట్ మీద టార్చి వేసి చూడండి. ఆయిల్ నిండిన రకమైతే కింద నల్లటి జిడ్డు తడి ఉంటుంది, టార్క్ మౌంటింగ్ అయితే బుష్ రబ్బరులో చీలిక కనిపిస్తుంది. జెడ్4 లాంటి వెనక చక్రాల డ్రైవ్ కార్లలో గేర్‌బాక్స్ మౌంటింగునూ, దానికి ఎగ్జాస్ట్‌ను పట్టి ఉంచే బ్రాకెట్టునూ చూడాలి.

క్రమం ముఖ్యం: మౌంటింగులు ముందు, ఎగ్జాస్ట్ తర్వాత. రబ్బరు కుంగితే ఇంజిన్ కిందికి దిగి కూర్చుంటుంది. ఆ స్థితిలో కొలిచి పైపు చేయిస్తే, రేపు మౌంటింగ్ మార్చగానే పైపు ఒంకర పోతుంది. ఎగ్జాస్ట్‌ను వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లన్నీ కూడా అప్పుడే కొత్తవి వేయండి. తీగతో కట్టడం వద్దు. ఫ్లెక్స్ పాతదాని పొడవే ఉండాలి, టర్బో కారైతే లోపల ఇంటర్‌లాక్ లైనర్ (ఒకదానిలో ఒకటి చిక్కుకున్న లోహపు పట్టీల పొర) ఉన్నది తీసుకోండి. ఫ్లెక్స్ వంగడాన్ని ఓర్చుకుంటుంది, మెలిని ఓర్చుకోదు. అందుకని మెలిపెట్టి వెల్డ్ చేయనివ్వకండి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ వదులుగా ఉంచి, మొత్తం వరస సరిచూసుకుని, ముందు నుంచి వెనక్కి బిగించాలి. రెండున్నర మీటర్ల 304 పైపు 400 డిగ్రీలు వేడెక్కితే 17 మిల్లీమీటర్ల దాకా పొడవు సాగుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు హ్యాంగర్లు కాస్త ముందుకు వాలి ఉండాలి, బంపరు దగ్గర సందు వదలాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక నట్లు మళ్ళీ చూడండి.

పోర్షే బాక్స్‌స్టర్ వాళ్ళకు ఈ గొడవ తక్కువ, సైలెన్సర్ గేర్‌బాక్సుకే కట్టి ఉంటుంది. వాళ్ళ తలనొప్పి తుప్పుపట్టి విరిగే బోల్టులు.

హైవేలో చెవులు గుయ్‌మనే మోత

మధ్యలో మోతను తగ్గించే డబ్బా, రెసొనేటర్, తీసేసి, తిన్నగా గొట్టంలాంటి సైలెన్సర్ వేస్తే జరిగేది ఇదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎంలో సెకనుకు 80 సార్లు పేలుతుంది, క్యాబిన్ ఆ మోతను అందుకుని ఊదరగొడుతుంది. రెసొనేటర్ తిరిగి పెట్టించండి. టర్బో లేని ఇంజిన్‌కు 57 మి.మీ. పైపు తీసి 76 వేస్తే పెరిగేది చప్పుడే. ఆ చప్పుడుకు మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు.

పికప్ లేదు, పై ఆర్‌పీఎంలో ఊపిరాడదు

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) లోపల మూసుకుపోయింది. ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టండి, 2500 ఆర్‌పీఎంలో 3 పీఎస్ఐ దాటితే అనుమానం అక్కర్లేదు. విరిగిన సెరామిక్ ముక్కలు కొట్టుకొచ్చి వెనక సైలెన్సర్‌లో ఇరుక్కుంటాయి, అదీ దులిపి చూడాలి. కొత్త క్యాట్ వేసేముందు, పాతదాన్ని చెడగొట్టే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) ఉంటే అది ఎందుకొచ్చిందో, ఇగ్నిషన్ కాయిలో ప్లగ్గో, తేల్చండి. మండని పెట్రోలు లోపలికెళ్ళి మండి కొత్తదాన్నీ కరిగిస్తుంది. క్యాట్ తీసేసి ఖాళీ పైపు పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి. అది చట్టవిరుద్ధం, పైగా పదిహేనేళ్ళు దాటి ఆర్‌సీ రెన్యూవల్‌కు వెళ్ళిన కారుకు తనిఖీలో అక్కడే దొరుకుతారు.

గలగల మాత్రమే ఉంటే హీట్ షీల్డ్. పెద్ద వాషరో, హోస్ క్లాంపో వేస్తే సరి. రెండు పొరల పైపులో లోపలి పొర కూలడం, సైలెన్సర్ లోపలి పలక ఊడటం లాంటివి అరుదు, మిగతావన్నీ చూశాక చూసుకోవచ్చు.