బెంగళూరులో వైద్యం చేయించుకునేవారు తమ ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో భద్రంగా ఎలా చూసుకోవాలి?

అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి బెంగళూరుకు వైద్యానికి వచ్చే తెలుగువారిలో చాలామంది ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు వెంట తెచ్చుకుంటారు. ఎక్స్‌రే ఫిల్ములు, మడతలు పడిన డిశ్చార్జి సమ్మరీలు, గీతలు వెలిసిపోయిన ఈసీజీ కాగితాలు అందులోనే ఉంటాయి. ఆ కాగితాల్లో చాలావాటికి ఇప్పుడు ఆసుపత్రి కంప్యూటర్లలో డిజిటల్ ప్రతులు ఉంటున్నాయి. వాటిని ఇంటి దగ్గరి నుంచే చూసుకునే వీలు కూడా ఉంది. అయితే ఆ వీలు రోగి చేతిలో ఉంటుందా, మరొకరి ఫోనులో ఉంటుందా అన్నది మనం మొదటి రోజు రిజిస్ట్రేషన్ కౌంటరులో ఇచ్చే వివరాలను బట్టే తేలిపోతుంది. అందుచేత యాప్‌ల కంటే ముందు కౌంటరు గురించే చెప్పుకోవాలి.

మొదటి పని: ఫోన్ నంబరు ఎవరిది?

ఓపీ కౌంటరు దగ్గర సాధారణంగా జరిగేది ఇదీ. వెనక వరుస పెరుగుతుంటుంది, కౌంటరులోని వ్యక్తి కన్నడంలో "ఫోన్ నంబర్ హేళి" అంటారు, పెద్దాయన తడుముకునేలోగా పక్కనున్న అల్లుడో కొడుకో తన నంబరు చెప్పేస్తాడు. ఆ రోజుకు పని జరిగిపోతుంది. ఆ తర్వాత మాత్రం ఆసుపత్రి పోర్టల్ పంపే ఓటీపీలు, రక్తపరీక్షల లింకులు, అపాయింట్‌మెంటు సందేశాలు అన్నీ ఆ నంబరుకే వెళ్తాయి. పెద్దాయన ఊరికి వెళ్లిపోయాక మదనపల్లెలో మరో డాక్టరు పాత రిపోర్టు అడిగితే, ఆఫీసు మీటింగులో ఉన్న అల్లుడు ఫోను ఎత్తేదాకా ఆగాల్సిందే.

ఇబ్బంది ఆలస్యంతోనే పోదు. గర్భధారణకు, మానసిక ఆరోగ్యానికి, హెచ్‌ఐవీకి సంబంధించిన పరీక్షల ఫలితాలు రోగి కంటే ముందు మరొకరి కంటపడటం న్యాయం కాదు. మానసిక చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును, తన ప్రాథమిక వైద్య రికార్డులను తాను చూసుకునే హక్కును మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగికి ఇచ్చింది. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వచ్చే కుటుంబాలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

కాబట్టి రోగికి సొంత ఫోను ఉంటే ఆ నంబరునే ప్రధాన నంబరుగా రాయించండి, తోడు వచ్చినవారి నంబరును అత్యవసర సంప్రదింపు గడిలో ఇవ్వండి. ఆ నంబరు నిత్యం రీఛార్జిలో ఉండాలి. చాలాకాలం వాడకుండా వదిలేసిన నంబరును టెలికాం కంపెనీలు రద్దు చేసి మరొకరికి కేటాయిస్తాయి. ఆసుపత్రి రికార్డులో ఆ పాత నంబరే మిగిలిపోతే మీ రిపోర్టుల సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి. నంబరు మార్చిన ప్రతిసారీ బ్యాంకుకు చెప్పినట్టే ఆసుపత్రికీ చెప్పాలి.

పేరు, ఆసుపత్రి నంబరు

తెలుగువారికి బెంగళూరులో ఎదురయ్యే అసలు చిక్కు పేరు దగ్గరే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇక్కడి కౌంటర్లలో ఇనీషియల్‌ను పేరు చివర రాసే అలవాటు ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాత ఆసుపత్రి చీటీలో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆడవాళ్లకైతే పెళ్లికి ముందటి ఇంటిపేరు ఒకచోట, అత్తవారి ఇంటిపేరు మరోచోట ఉంటాయి. లక్ష్మి, లక్ష్మీదేవి, లక్ష్మీదేవమ్మ అన్న మూడు పేర్లతో ఒకే మనిషికి ఒకే ఆసుపత్రిలో మూడు ఫైళ్లు పుట్టవచ్చు. అలా జరిగితే పోర్టల్‌లో సగం రిపోర్టులు కనిపించవు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, ఫలానా మందు పడదని ఒక ఫైలులో రాసిన మాట రెండో ఫైలు తెరిచిన డాక్టరుకు తెలియదు.

అందువల్ల రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు ఆధార్ కార్డు చూపించి, అందులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ నమోదు చేయమని అడగండి. వయసు "సుమారు అరవై" అని చెప్పకండి. ఆసుపత్రి ఇచ్చే యూహెచ్‌ఐడీ లేదా ఎంఆర్ నంబరు ఆ ఆసుపత్రిలో మీకు శాశ్వత గుర్తింపు. దాన్ని ఫోనులో ఒకచోట, ఇంట్లో ఒకచోట రాసిపెట్టుకోండి. తర్వాత వచ్చిన ప్రతిసారీ కొత్త రోగిగా కాక ఆ నంబరుతోనే నమోదు కావాలి. ఇప్పటికే రెండు నంబర్లు వచ్చి ఉంటే, మెడికల్ రికార్డ్స్ విభాగానికి, అంటే అందరూ ఎంఆర్‌డీ అని పిలిచే గదికి వెళ్లి, గుర్తింపు పత్రంతో పాటు రెండు నంబర్లూ రాసిన అర్జీ ఇచ్చి, ఫైళ్లను కలపమని కోరవచ్చు. ఈ పని ఫోనులో తేలేది కాదు, ఒక పూట పట్టినా స్వయంగా వెళ్లి చేయించుకోవడమే మేలు.

ఆసుపత్రి పోర్టల్‌లో ఖాతా తెరవడం

పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకు సొంత యాప్ లేదా పేషెంట్ పోర్టల్ ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం కేంద్రం 2015లో ఓఆర్‌ఎస్ అనే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థను మొదలుపెట్టింది. తొలినాళ్లలోనే అందులో చేరిన సంస్థల్లో నిమ్హాన్స్ ఒకటి. అపాయింట్‌మెంటు తీసుకోవడానికి, చేరిన ఆసుపత్రుల ల్యాబు రిపోర్టులు చూడటానికి అది ఉపయోగపడుతుంది.

యాప్‌ను ఆసుపత్రి అసలు వెబ్‌సైటులో ఇచ్చిన లింకు నుంచి గాని, ప్లే స్టోరు లేదా యాప్ స్టోరు నుంచి గాని మాత్రమే దించుకోండి. రిజిస్టరైన మొబైలు నంబరు, యూహెచ్‌ఐడీ ఇస్తే ఓటీపీ వస్తుంది. పాస్‌వర్డు పెట్టుకోమంటే, ఇంకెక్కడా వాడనిదాన్ని పెట్టండి. పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు చివరి అంకెలు వద్దు. ఫోనుకు స్క్రీన్ లాకు లేకపోతే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా ఫలితం తక్కువ, కనుక ముందు అది పెట్టండి. లాకు వేసి ఉన్నా తెరపై సందేశాలు కనిపించే అమరిక ఉంటే ఓటీపీ ఎవరికైనా కనపడుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి.

ఆభా ఖాతా

ఒక్కో ఆసుపత్రికి ఒక్కో యాప్ పెట్టుకోవడం వృద్ధులకు కష్టం. ఈ కష్టాన్ని తగ్గించడానికే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద, వేర్వేరు ఆసుపత్రుల రికార్డులను ఒకేచోట చూసుకునే ఆభా ఖాతా వచ్చింది. 2020 ఆగస్టులో ప్రయోగాత్మకంగా కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఈ మిషన్‌ను నేషనల్ హెల్త్ అథారిటీ నడుపుతోంది. ఆభా నంబరులో 14 అంకెలు ఉంటాయి. దానితో పాటు ఈమెయిలును పోలిన ఒక ఆభా అడ్రసు కూడా ఉంటుంది.

ఇది ఆరోగ్య బీమా కార్డు కాదు. ఆయుష్మాన్ కార్డు, ఆంధ్రప్రదేశ్ వైద్య సేవ కార్డు, కర్ణాటక ఆరోగ్య పథకాల కార్డు వేరు. ఆభా ఉంటే బిల్లు తగ్గదు. ఇది స్వచ్ఛందం కూడా. ఖాతా లేదన్న కారణంతో వైద్యం నిరాకరించడానికి వీల్లేదు, వద్దనుకుంటే ఖాతాను మూసివేసుకోవచ్చు.

ఖాతా తెరవడానికి ఆభా యాప్‌ను గాని వెబ్‌సైటును గాని తెరిచి, ఆధార్ నంబరు ఇస్తే, ఆధార్‌తో ముడిపడిన మొబైలుకు ఓటీపీ వస్తుంది. పల్లెల్లో ఉన్న పెద్దల విషయంలో పని ఎక్కువగా ఆగేది ఇక్కడే, ఎందుకంటే వారి ఆధార్‌కు ఎప్పటిదో పాత నంబరు ఉంటుంది. ఏ నంబరు ఉన్నదీ ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ వెబ్‌సైటులో సరిచూసుకుని, తప్పయితే ముందు దాన్ని మార్పించుకోండి. బెంగళూరుకు బయల్దేరే రోజున ఈ పని పెట్టుకోకూడదు.

పాత రిపోర్టులను కలపడం, అనుమతులు ఇవ్వడం

ఆభా తెరవగానే అన్ని రిపోర్టులూ వచ్చి కూర్చోవు. రికార్డులన్నిటినీ ఒకే పెద్ద గోదాములో పోసే పద్ధతి కాదిది. రికార్డు తయారుచేసిన ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, మీరు అనుమతించినప్పుడు అక్కడి నుంచి వస్తుంది. కనుక యాప్‌లో ఆసుపత్రి పేరు వెతికి, మీ నంబరుతో అక్కడ ఉన్న సందర్శనల వివరాలు తెప్పించుకుని, వాటిలో కావలసినవి ఎంచుకుని, ఆసుపత్రి పంపిన ఓటీపీతో ధ్రువీకరించి, మీ ఖాతాకు జోడించుకోవాలి. మిషన్‌లో చేరని ఆసుపత్రి జాబితాలో కనిపించదు; అటువంటి చోటి కాగితాలను స్కాన్ చేసి మీరే ఎక్కించుకోవచ్చు.

కొత్త డాక్టరు మీ పాత రికార్డులు చూడాలనుకుంటే ఆయన ఆసుపత్రి నుంచి మీ యాప్‌కు అభ్యర్థన వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. చాలామంది ఓటీపీ చెప్పినంత తేలిగ్గా దీన్ని ఒప్పేసుకుంటారు. దయచేసి ఒక్క నిమిషం ఆగి చదవండి. మోకాలి నొప్పికి వెళ్లినప్పుడు ఆర్థోపెడిక్ డాక్టరుకు మీ ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు అవసరం. ఐదేళ్ల కిందటి కౌన్సెలింగు రికార్డు అవసరం కాకపోవచ్చు. రకాన్ని, తేదీలను, గడువును మీరు కుదించి ఇవ్వవచ్చు, పూర్తిగా తిరస్కరించనూవచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు. అయితే అప్పటికే డాక్టరు చదివి తన నోట్సులో రాసుకున్నది చెరిగిపోదు. అన్ని అభ్యర్థనలనూ దానంతటదే ఆమోదించే వీలు యాప్‌లో కనిపిస్తే వాడకండి.

చూడటంతో ఆగకండి, దించి దాచుకోండి

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు అక్కడి ఆన్‌లైన్ సేవలు రోజుల తరబడి ఆగిపోయి, కాగితాలతో పని నడపాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగినప్పుడు, ముఖ్యమైన రిపోర్టుల ప్రతి మన దగ్గర కూడా ఉండటం అవసరం. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, తాజా మందుల చీటీ, ఈ నాలుగూ దించుకుని, తేదీ ముందుండేలా పేరు పెట్టి, లాకు ఉన్న ఫోల్డరులో ఉంచండి. దించిన వెంటనే పేరు, వయసు, పడని మందుల వివరాలు, ఆపరేషన్ ఏ వైపు కాలికో కంటికో చదివి సరిచూడండి.

ఆన్‌లైన్‌లో దొరకనివీ కొన్ని ఉంటాయి. సీటీ, ఎమ్మారై విషయంలో చాలా పోర్టళ్లు రాతపూర్వక రిపోర్టునే చూపిస్తాయి. రెండో అభిప్రాయం చెప్పే డాక్టరు మాత్రం అసలు చిత్రాలే అడుగుతారు. స్కాన్ రోజే సీడీ గాని, చిత్రాల లింకు గాని తీసుకోండి. కిద్వాయ్ వంటి క్యాన్సరు ఆసుపత్రికి వేరేచోటి నుంచి వెళ్లేవారు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (పరీక్షకు తీసిన ముక్క ఉండే గాజు పలకలు, మైనపు దిమ్మెలు) కూడా పాత ల్యాబు నుంచి అడిగి తీసుకోవాలి, ఎందుకంటే వాటిని మళ్లీ పరీక్షించాల్సి రావచ్చు.

ఇంకో జాగ్రత్త ఆసుపత్రి గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపు దగ్గర. ప్రింటు కోసం షాపు నంబరుకు వాట్సాప్‌లో రిపోర్టు పంపడం అందరూ చేసే పని. ఆ ఫైలు ఆ కంప్యూటరులో డౌన్‌లోడ్స్ ఫోల్డరులో, మీలాంటి వందమంది రిపోర్టుల పక్కన, అలాగే ఉండిపోతుంది. వీలైతే ఆసుపత్రిలోనే ప్రింటు అడగండి. తప్పనిసరై షాపులో తీయిస్తే, మీ ఎదుటే ఆ ఫైలును తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేయించి కదలండి. మీ ఈమెయిలును, వాట్సాప్ వెబ్‌ను అక్కడి కంప్యూటరులో మాత్రం తెరవకండి.

తల్లిదండ్రుల ఖాతాను పిల్లలు చూసుకోవాల్సి వస్తే

వాళ్లు హిందూపురంలో, మీరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటే మీ సాయం తప్పదు. అప్పుడు కూడా ఖాతా వాళ్ల పేరున, వాళ్ల నంబరుతోనే తెరవండి. పోర్టల్‌లో కుటుంబసభ్యులను చేర్చే ఏర్పాటు ఉంటే వాళ్ల సమ్మతితో దాన్ని వాడండి. పాస్‌వర్డు చెప్పించుకునే పద్ధతి కన్నా అది మంచిది. "నాన్నా, ఈ రిపోర్టు నేను చూడవచ్చా?" అని అడగడం మనకు కొత్తగా అనిపించవచ్చు, కానీ రికార్డు ఆయనది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రిపోర్టు పెట్టే ముందైతే తప్పకుండా అడగాలి.

మోసాలు, అడ్డంకులు

ఆసుపత్రి నంబరు కోసం గూగుల్‌లో వెతికితే మొదట కనిపించేది అసలుది కాకపోవచ్చు. అపాయింట్‌మెంటు ఖరారుకు ఐదో పదో రూపాయలు కట్టమని లింకు పంపినా, ఏపీకే ఫైలు (ప్లే స్టోరుతో పని లేకుండా నేరుగా పంపే యాప్) ఇన్‌స్టాల్ చేయమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా అది మోసమే అనుకుని ఫోను పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఆభా ఖాతా ఇబ్బందులకు ఉచిత సహాయ నంబరు 1800-11-4477.

ఆన్‌లైన్‌లో లేదంటూ ఆసుపత్రి చేతులెత్తేస్తే రాతపూర్వకంగా అడగండి. లోపల చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని, రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అర్జీలో యూహెచ్‌ఐడీ, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, కావలసిన కాగితాల పేర్లు విడివిడిగా రాయండి. ఊరికి తిరిగి వెళ్లాల్సి ఉండి, మీ తరఫున మరొకరు తీసుకోవాల్సి వస్తే, మీ సంతకంతో అధికార పత్రం, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జతచేసి ఎంఆర్‌డీలో ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. మీరు ఎప్పుడు అడిగారన్నదానికి ఆ ముద్ర మీది తేదీయే మీ చేతిలో ఉండే రుజువు.