డొమైన్ పేరు కొనే ముందు ట్రేడ్‌మార్కు వెతుకులాట

ఇంట్లో పెట్టిన పచ్చళ్లను ఇంటర్నెట్‌లో అమ్మదలచిన కుటుంబం సాధారణంగా ముందు ఒక పేరు అనుకుంటుంది, అది డొమైన్‌గా, అంటే వెబ్‌సైటు చిరునామాగా, డాట్ కామ్‌లోనో డాట్ ఇన్‌లోనో ఖాళీగా కనబడితే వెంటనే డబ్బు కట్టేస్తుంది. అయితే డొమైన్ అమ్మే సంస్థ ఆ అక్షరాల వరుసను ఇంకెవరైనా తీసుకున్నారా అన్నది మాత్రమే చూస్తుంది. ఆ పేరు మీద మరొకరికి వ్యాపార హక్కు, అంటే ట్రేడ్‌మార్కు, ఉందా అన్నది చూడకపోగా, ఎవరి హక్కుకూ భంగం కలిగించడం లేదన్న హామీని ఒప్పందంలో మనచేతే ఇప్పించుకుంటుంది. కనుక వెతికే బాధ్యత మనదే. సీసాల మీద అంటించే లేబుళ్లు అచ్చుకు వెళ్లకముందే ఆ పని పూర్తికావాలి.

సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పు ఈ విషయానికి పునాది. డొమైన్ పేరు ఇంటర్నెట్‌లో చిరునామా మాత్రమే కాదనీ, అది వ్యాపారాన్ని గుర్తుపట్టే చిహ్నం కూడా అవుతుందనీ, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణీ చేయడాన్ని అడ్డుకునే సూత్రాలు దానికీ వర్తిస్తాయనీ కోర్టు తేల్చింది. అక్కడ సత్యం వారి ‘సిఫీ’కీ, రెండో సంస్థ డొమైన్‌లోని ‘సిఫ్ఫీ’కీ మధ్య ప్రధానమైన తేడా ఇంగ్లీషులో ఒక్క ‘ఎఫ్’ అక్షరమే.

తెలుగువారు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఇంగ్లీషు లిపిలో మన దీర్ఘాలు, ఒత్తులు ఒక పద్ధతిలో నిలవవు. ‘శ్రీ’ని కనీసం మూడు విధాలుగా రాస్తాం, ‘రుచి’ చివర ‘ఐ’ బదులు రెండు ‘ఈ’లు పెడతాం, అలా రాసిన డొమైన్ దొరికితే అది కొత్త పేరే అనుకుంటాం. కోర్టు మాత్రం పేరును చెవితో కూడా పరీక్షిస్తుంది. రెడిఫ్ అనే వెబ్‌సైటు పేరును పోలిన రాడిఫ్‌ను బొంబాయి హైకోర్టు 1999లో నిలిపివేసింది. ఉద్యోగాల వెబ్‌సైటు నౌక్రీ పేరుకు ఒక ‘ఏ’ చేర్చిన పేరును ఢిల్లీ హైకోర్టు 2002లో అడ్డుకుంది. అంతకు చాలా ముందు, 1962లోనే, అమృతధార, లక్ష్మణధార అనే మందుల పేర్లను పోల్చినప్పుడు సుప్రీంకోర్టు, అరకొర జ్ఞాపకంతో కొనే మామూలు మనిషి మొత్తంమీద మోసపోయే అవకాశం ఉందా అన్నదాన్నే కొలతగా తీసుకుంది. అందుచేత అనుకున్న పేరును ఇద్దరు ముగ్గురికి ఫోన్లో చెప్పి, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని అడగండి. వారు రాసిన రూపాలన్నింటినీ వెతకవలసిన జాబితాలో చేర్చండి.

వెతుకులాటకు ట్రేడ్‌మార్కులను రిజిస్టరు చేసే ప్రభుత్వ కార్యాలయపు ఐపీ ఇండియా వెబ్‌సైటులో ఉచిత సదుపాయం ఉంది. అందులో అక్షరాలను బట్టి వెతకడంతో సరిపెట్టకుండా ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతిని కూడా వాడాలి. సరుకులు, సేవలు 45 తరగతులుగా ఉంటాయి కనుక తరగతి సంఖ్య కూడా ఇవ్వాలి. పచ్చళ్లు 29లో, మసాలా పొడులు, మిఠాయిలు 30లో, అమ్మకపు సేవలు 35లో, హోటళ్లు 43లో వస్తాయి. పచ్చళ్ల వ్యాపారి ఈ నాలుగూ చూడడం మంచిది. ఇంకా పరిశీలనలో ఉన్న దరఖాస్తును తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ వచ్చాక హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుంది. రిజిస్టరు చేయించని పాత దుకాణాన్ని కూడా వదలకూడదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 34వ సెక్షన్ ముందునుంచి వాడుతున్నవారిని కాపాడుతుంది. బాగా పేరున్న గుర్తులకైతే వేరే తరగతిలో కూడా రక్షణ దొరుకుతుంది.

ఊరి పేరును డొమైన్‌లో పెట్టుకోవాలనుకునేవారు భౌగోళిక గుర్తింపుల (ఒక ప్రాంతానికే చెందిన సరుకుల పేర్లకు ఇచ్చే రక్షణ) రిజిస్టరును కూడా చూడాలి. బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు వంటివి అందులో ఉన్నాయి.

సొంత ఇంటిపేరు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేరన్నది కూడా పూర్తి నిజం కాదు. మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో ‘మహేంద్ర’ పేరుతో ఉన్న పేపర్ మిల్లు మీద ఇచ్చిన నిషేధాన్ని సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. సరుకును వర్ణించే మాటలతో మరో చిక్కు ఉంది. వాటిని మనం వాడుకోవచ్చు కానీ ఇతరులను వాడవద్దనడం కష్టం. పెళ్లి సంబంధాల వెబ్‌సైటు షాదీ డాట్ కామ్ వారు సెకండ్‌షాదీ అనే పేరును ఆపమని కోరినప్పుడు బొంబాయి హైకోర్టు 2016లో ఒప్పుకోలేదు. సరుకుతో సంబంధం లేని మాటనో, మనమే కల్పించిన మాటనో ఎంచుకుంటే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

పేరు నిలిచిందనిపిస్తే డొమైన్ కొన్న రోజుల్లోనే ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్‌కు టీఎం-ఏ ఫారంలో దరఖాస్తు చేయండి. ఆన్‌లైన్లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు తరగతికి రూ. 4,500, ఇతరులకు రూ. 9,000 రుసుము ఉంటుంది. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. అది చేతికి వచ్చేవరకు పేరు పక్కన ‘టీఎం’ అని మాత్రమే వేసుకోవాలి. రిజిస్టరైందని చెప్పే వృత్తంలోని ‘ఆర్’ గుర్తును ముందే వేస్తే చట్టప్రకారం జరిమానా పడుతుంది.

ఇంత చేసినా నోటీసు వస్తే మౌనంగా ఉండకండి. డాట్ కామ్ వివాదాలను తేల్చే యూడీఆర్‌పీ విధానంలో జవాబుకు 20 రోజుల గడువు ఉంటుంది. ఫిర్యాదీ అక్కడ మన పేరు తన గుర్తును పోలి ఉందనీ, మనకు న్యాయమైన ఆసక్తి లేదనీ, చెడు ఉద్దేశంతో రిజిస్టరు చేయడమే కాక అలాగే వాడుతున్నామనీ మూడూ రుజువు చేయాలి. డాట్ ఇన్ పేర్లకు వర్తించే ఐఎన్‌డీఆర్‌పీలో చెడు ఉద్దేశం రిజిస్ట్రేషన్‌లో ఉన్నా, వాడకంలో ఉన్నా సరిపోతుంది. కనుక పేరు వెతికిన రోజు తీసిన స్క్రీన్‌షాట్లు, మొదటి బిల్లులు, లేబుల్ నమూనాలు తేదీలతో సహా దాచి ఉంచండి. కంగారులో ‘ఇంత ఇస్తే డొమైన్ ఇచ్చేస్తాం’ అని మాత్రం జవాబు రాయకండి, ఎందుకంటే ఖర్చుకు మించిన ధరకు ఫిర్యాదీకి అమ్మడానికే ప్రధానంగా రిజిస్టరు చేయడాన్ని చెడు ఉద్దేశానికి సాక్ష్యంగా ఆ విధానాల్లో పేర్కొన్నారు.