రంగు పోకుండా రంగుల పాన్‌కేకులు చేయడం ఎలా?

పాన్‌కేక్ అంటే చిన్నగా, మందంగా పోసిన తియ్యటి అట్టు. బీట్‌రూట్ కలిపితే గులాబీ, పాలకూర కలిపితే ఆకుపచ్చ అని అందరూ చెప్తారు. గిన్నెలో నిజంగానే కళ్లు చెదిరేలా ఉంటుంది. పెనం మీది నుంచి దిగేసరికి అన్నిటిదీ ఒకటే మట్టిరంగు. దీనికి కారణాలు మూడు: తినే సోడా, పులుపు, మంట.

ఒక్కో రంగుకు అర కప్పు మైదా, అర చెంచా బేకింగ్ పౌడర్, ఒక చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక చెంచా కరిగిన వెన్న. గోధుమపిండి వద్దు, దాని తవుడు రంగును మసకబారుస్తుంది. గుడ్డు కూడా వద్దు, పచ్చసొన నీలాన్ని చెడగొడుతుంది. రంగు రసం, పాలు కలిపి ఆరు పెద్ద చెంచాలు మించకూడదు. పిండి గంటె నుంచి తెగకుండా, మెల్లగా జారాలి. బేకింగ్ పౌడర్ బదులు తినే సోడా వేస్తే పసుపు ఎర్రబడుతుంది, శంఖుపూల నీలం ఆకుపచ్చగా మారుతుంది.

రంగుల సంగతి:

పాలకూర: పది ఆకులు మరిగే నీళ్లలో 30 సెకన్లు ఉంచి, వెంటనే చల్లనీళ్లలో వేసి, మెత్తగా రుబ్బాలి. పెరుగు, నిమ్మరసం దగ్గరికి రానీయొద్దు. పులుపు తగిలితే ఆకుపచ్చ కాస్తా ఎండిన ఆకు రంగు అవుతుంది.

బీట్‌రూట్: రెండు పెద్ద చెంచాల పచ్చి రసం. దీనికి మాత్రం పులుపు కావాలి. అర చెంచా నిమ్మరసం పడితేనే గులాబీ నిలుస్తుంది.

శంఖుపూలు: పన్నెండు పూల కింది ఆకుపచ్చ తొడిమె తీసేసి, నాలుగు పెద్ద చెంచాల వేడినీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి వడకట్టాలి. నిమ్మరసం పడితే ఊదా రంగుకు మారుతుంది.

పసుపు: పావు చెంచా చాలు. పాలలో ఒక పొంగు రానిస్తేనే పచ్చివాసన పోతుంది.

ఎరుపు కావాలంటే బీట్‌రూట్ పనికిరాదు, చపాటా మిర్చి వాడాలి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి ఇది. టమాటాలా బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. మూడు ఎండుకాయల గింజలు దులిపి, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, చెంచా నూనెతో రుబ్బి వడకట్టాలి. ఈ రంగు నూనెలో కరిగేది కాబట్టి పెనం వేడికి బీట్‌రూట్‌లా వాడిపోదు. దీనికి చక్కెర మానేసి, ఉప్పు ఇంకొంచెం, జీలకర్ర కాస్త వేయాలి.

ఇక అందరూ చెడగొట్టే చోటు పెనమే. దోశ పెనంలా పొగలు రానిచ్చారా, పని అయిపోయినట్టే. పిండిలోని చక్కెర, పాలు ముందు ఎర్రబడతాయి, ఆ కాలిన రంగు కింద అసలు రంగు కనపడదు. అందుకే చక్కెర చెంచా దాటకూడదు. తీపి కావాలంటే పైన బెల్లం పాకం పోసుకోవాలి. ఇనుప పెనం పక్కన పెట్టి, అడుగు మందమున్న నాన్‌స్టిక్ తీసుకోండి. నీటి చుక్క వేస్తే అది గెంతులు వేయకూడదు. ఉన్నచోటే సన్నగా చిటపటలాడి ఆరిపోవాలి. నూనె పోయొద్దు, గుడ్డతో అద్దితే చాలు. నూనె ఎక్కువైతే అడుగున గోధుమరంగు జాలీ పడుతుంది.

చిన్న గంటెడు పిండి పోసి మూత పెట్టండి. మంట చివరిదాకా సన్నగానే ఉండాలి. పైన బుడగలు పగిలి, అంచు మెరుపు తగ్గాక, అంటే సుమారు రెండు నిమిషాలకు, ఒక్కసారే తిప్పండి. రెండో వైపు నిమిషం లోపే. గంటెతో అదమొద్దు, పొంగు దిగిపోతుంది. ప్రతి అట్టు తర్వాత పెనాన్ని తడిగుడ్డతో తుడవాలి. మూడో అట్టుకు పెనం బాగా వేడెక్కుతుంది, ఎక్కువమందివి మాడేది అక్కడే.

తీసినవి వేడిమీద ఒకదానిపై ఒకటి పెడితే ఆవిరికి తడిసి, బీట్‌రూట్ రంగు పక్కదానికి అంటుతుంది. పొడిగుడ్డ మీద విడివిడిగా పరచి, ఐదు నిమిషాలు ఆరాకే పళ్లెంలో పేర్చండి.